గుడుంబా వార్తకు ప్రతిపదార్థం

తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి అచ్చవుతున్న వాక్యం ఒకటుంది. ఊరి పేరు మారుతుంది, లీటర్ల లెక్క మారుతుంది, వాక్యం మాత్రం మారదు. దాని నమూనా ఇలా ఉంటుంది:

"గ్రామ శివారులోని గుడుంబా బట్టీపై ఎక్సైజ్ పోలీసులు దాడి చేసి 400 లీటర్ల బెల్లం ఊటను ధ్వంసం చేశారు. 10 లీటర్ల నాటుసారా, నల్లబెల్లం, పటిక స్వాధీనం చేసుకుని, పాత నేరస్థులను తహసీల్దార్ ఎదుట బైండోవర్ చేశారు."

అర్థం కాని మాట ఇందులో ఒక్కటీ లేదనిపిస్తుంది. పదం పదం విడదీస్తే సంగతి వేరు. కొన్ని మాటలు ఆ సరుకును ఎలా చేశారో చెబుతాయి. కొన్ని దానికి ఎవరి అనుమతి లేదో చెబుతాయి. సీసాలో ఏముందో చెప్పే మాట మాత్రం ఎక్కడా లేదు. తాగేవాడి ప్రాణం ఆధారపడి ఉన్నది ఆ మూడో సంగతి మీదే. అందుకే ఈ రెండు ముక్కల వార్తకు ఇంత వ్యాఖ్యానం.

శివారు

ఊరి పొలిమేర, చివరి చేను, వాగు ఒడ్డు. ఊరు దాటి కాచడానికి దొరికిపోతామన్న భయం ఒక కారణం, పని స్వభావం ఇంకో కారణం. పులిసిన బెల్లం వాసన గోడలకు ఆగదు. ఆవిరిని చల్లార్చడానికి నీళ్లు ఎడతెగకుండా కావాలి. పొయ్యికి కట్టెలు కావాలి. నీళ్లూ కంపా చాటూ మూడూ ఉన్న చోటు వాగు ఒడ్డే. దాడికి వెళ్లేవాళ్లు కూడా వాగు వెంబడే వెతుక్కుంటూ పోతారు.

గుడుంబా

తెలంగాణ మాట. హైదరాబాద్ ధూల్‌పేట నుంచి ఉత్తర తెలంగాణ తండాల దాకా, బెల్లం పులియబెట్టి కాచిన సారాకు ఇదే పేరు. 'గుడం' అంటే సంస్కృతంలో బెల్లం, ఉత్తరాది గుడ్, గుర్ అక్కడివే. దక్కనీ వంటిళ్లలో దాదాపు ఇదే ఉచ్చారణతో గుడంబా అనే వంటకం ఒకటుంది. పచ్చిమామిడి ముక్కలను బెల్లంలో ఉడికించి చేసే తీపిపులుసు అది, పిల్లలు నాక్కుంటూ తింటారు. పేరులోని బెల్లం తప్ప ఆ వంటకానికీ ఈ సరుకుకూ పోలిక లేదు.

బెల్లంతో మద్యం చేయడం నిన్నమొన్నటి సంగతి కాదు. మనుస్మృతి సురను మూడు రకాలుగా విభజించింది: బెల్లంతో చేసినది గౌడి, పిండితో చేసినది పైష్టి, మధువుతో చేసినది మాధ్వి. ద్విజోత్తములు ఏదీ తాగకూడదని చెప్పడానికే అక్కడ ఈ లెక్క. ఆ వర్గీకరణలో గుడుంబాకు చోటు వెతికితే అది గౌడి కుటుంబానికి చెందుతుంది. శాస్త్రకారుడు పేర్లు పెట్టింది ముడిసరుకును బట్టి. ఇప్పటి మన పేర్లు అలా పుట్టలేదు. కిందికి వెళ్లేకొద్దీ అది తేటపడుతుంది.

మాట ప్రయాణం గురించి ఒక ముక్క. కోస్తాలో చాలాకాలం గుడుంబా అంటే పొరుగు ప్రాంతపు మాటే. అక్కడ నాటుసారా అనేవారు, కొన్నిచోట్ల కాపుసారా అనేవారు. 2004లో 'గుడుంబా శంకర్' సినిమా వచ్చాక, సరుకు చూడనివాళ్లకు కూడా మాట తెలిసింది. హీరో పేరుకు ముందు తగిలిస్తే అల్లరితనం తెచ్చిపెట్టేంత కొంటెదనం ఆ శబ్దంలో ఉంది. తాగి ఇల్లు గుల్ల చేసుకున్నవాడి భార్య నోట అదే మాట వింటే అందులో కొంటెదనం వినబడదు.

బట్టీ

హిందీ నుంచి వచ్చింది. అసలర్థం కొలిమి, పెద్ద పొయ్యి. ఇటుక బట్టీ, సున్నపు బట్టీ అంటాం. సారా బట్టీ కూడా అదే వరస. తెలుగులో మద్యానికి ఒక్కోదానికి ఒక్కో క్రియ ఉంది: కల్లు గీస్తారు, సారా కాస్తారు. గీతతో వచ్చేది చెట్టు ఇచ్చినది, దానంతటదే పులుస్తుంది. కాచేది మనిషి పొయ్యి పెట్టి తీసినది. పులిసిన దాంట్లో ఆల్కహాల్ కొంత శాతం చేరేసరికి ఈస్టు దానంతటదే చచ్చిపోతుంది. అంతకన్నా ఘాటు కావాలంటే కాచక తప్పదు. ఎథనాల్ సుమారు 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీరు 100 దగ్గర. ముందు లేచిన ఆవిరిని పట్టి చల్లబరిస్తే వచ్చేదే సారా.

పాత పద్ధతిలో ఇది కుండ మీద కుండ. అడుగున ఊట ఉన్న కుండ, పైన ఆవిరి చుక్కలు పట్టే ఏర్పాటు, అన్నిటికంటే పైన చల్లటి నీళ్ల గిన్నె. ఇప్పుడు కుండల చోట ఇనుప డ్రమ్ములు, ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాయి. పద్ధతి అదే. చుక్కచుక్కగా కారడం చూసే అరబ్బులు దీనికి 'అరక్' అని పేరు పెట్టారు, అంటే చెమట. ఆంగ్లేయుల కాగితాల్లో అరాక్ అయ్యింది అదే.

ఎక్సైజ్

తెలంగాణ పాతతరం ఇప్పటికీ ఆబ్కారీ అంటుంది. పారసీకంలో ఆబ్ అంటే నీరు, కార్ అంటే పని. మద్యం తయారీ అన్న అర్థం ముందు, దాని మీద వేసే పన్ను అన్న అర్థం తర్వాత వచ్చాయి. నిజాం రాజ్యంలో ఆబ్కారీకి సొంత చట్టమే ఉండేది. ఇంకా వెనక్కి వెళ్తే కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడు అనే అధికారి కనిపిస్తాడు. ఎక్కడ చేయాలో, ఎక్కడ అమ్మాలో, ఎవరికి ఎంత పోయాలో చూసేవాడు ఆయనే. పండుగలకు, జాతరలకు నాలుగు రోజులు కాచుకోవడానికి అనుమతి ఇవ్వొచ్చని కూడా ఆ అధ్యాయం చెబుతుంది.

కాబట్టి ఎక్సైజ్ అనేది పుట్టుకతో పన్ను శాఖ. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితా 8వ అంశం మత్తు పానీయాల నియంత్రణను, 51వ అంశం వాటి మీద ఎక్సైజ్ సుంకాన్ని రాష్ట్రాలకు ఇచ్చాయి. జీఎస్టీ వచ్చాక కూడా తాగే మద్యం దాని బయటే ఉండిపోయింది. అదే రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధానికి ప్రయత్నించమని రాష్ట్రాన్ని ఆదేశిస్తుంది. మాన్పించమన్న బాధ్యత, వసూలు చేసుకోమన్న అధికారం ఒకే ప్రభుత్వానికి ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో ఆ శాఖ పేరు 'ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్'. బోర్డు మీది రెండు మాటలూ ఎదురెదురు దిక్కులకు లాగుతుంటాయి.

బెల్లం ఊట

ఊరినది ఊట. ఊరగాయకు, నీటి ఊటకు, దీనికి ధాతువు ఒకటే. నీళ్లలో బెల్లం కలిపి, తుమ్మచెక్క లాంటివి వేసి మూతపెడితే కొన్ని రోజుల్లో బుడగలు లేస్తాయి. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాల్‌నూ బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. శాఖ రికార్డుల్లో దీని పేరు 'ఎఫ్‌జే వాష్', అంటే పులిసిన బెల్లం నీళ్లు. కాచి తీసిన సరుకు 'ఐడీ లిక్కర్', అంటే అక్రమంగా కాచిన మద్యం. ఊళ్లో ఊట, ఠాణాలో వాష్. ఊళ్లో సారా, ఠాణాలో ఐడీ.

వార్తలో ఊట లీటర్లు వందల్లో, సారా లీటర్లు పదుల్లో ఉండటం యాదృచ్ఛికం కాదు. ఊటంతా సారా కాదు, కాస్తే దిగేది అందులో కొంత భాగమే. పెద్ద అంకె చూసి అంత సారా దొరికిందనుకుంటే లెక్క తప్పుతుంది.

ధ్వంసం

ఊటను ఠాణాకు మోయలేరు. శాంపిల్ సీసాలకు తీసి, మిగతాది పంచుల (సాక్షుల) సమక్షంలో నేల మీద పారబోస్తారు. కుండలు పగలగొడతారు, డ్రమ్ములకు గునపం దింపుతారు. కెమెరాకు బాగా కనిపించే ఘట్టం ఇదే కాబట్టి ఫొటో కూడా ఇదే వస్తుంది. పోయిన పెట్టుబడి కొంత బెల్లం, నాలుగు కుండలు. వారం తిరిగేసరికి మళ్లీ పొయ్యి వెలుగుతుంది. అందుకే ఈ వార్త పదేపదే అచ్చవుతుంది.

నాటుసారా

రెండు ముక్కలు. 'సారా'కు పూర్వరూపం సారాయి. తమిళంలో చారాయం, కన్నడంలో సారాయి. అంటే దక్షిణాది అంతా పంచుకున్న మాట. ఒకప్పుడు దీన్ని దాచుకుని తాగే పని లేదు. ప్రభుత్వం ఏటా వేలం వేసేది, కాంట్రాక్టర్లు పాట పాడేవారు, ఊరి నడుమ సారా దుకాణం ఉండేది. 1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో అమ్మించింది. వారుణి అంటే పాలసముద్రం చిలికినప్పుడు పుట్టిన మద్యదేవత. సంచి మీద పురాణం, లోపల సారా. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే ప్యాకెట్టు మనిషిని చేరేది.

దానికి ఎదురు తిరిగింది ఆడవాళ్లు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సాక్షరతా ఉద్యమం జరిగింది. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుతూ తమ ఇళ్ల సంగతులు మాట్లాడుకున్న మహిళలు సారా దుకాణాల మీదికి కదిలారు. దూబగుంట అనే ఊరి పేరు, అక్కడి రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగాయి. సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, ఆ ఏడు అక్టోబర్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషిద్ధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. బ్రాందీ, విస్కీ తిరిగొచ్చాయి. సారా రాలేదు.

మాటకు ఇక్కడే మలుపు. 1993 దాకా 'సారా' అంటే సర్కారు అనుమతించిన సరుకు, అనుమతి లేనిది 'నాటుసారా', 'దొంగసారా'. నిషేధం తర్వాత సర్కారు సారా లేదు కాబట్టి విశేషణం అవసరం తీరిపోయింది. అయినా 'నాటు' ఊడిపోలేదు. తనకు జతగా ఉన్న మాట పోయినా ఒంటరిగా నిలబడింది.

'నాటు' అంటే దేశవాళీ అని అర్థం. నాటుకోడిలో అది మెప్పు, ధర రెట్టింపవుతుంది. నాటువైద్యంలో సగం నమ్మకం, సగం అనుమానం. నాటుబాంబులో, నాటుసారాలో నేరం. దీనికి ఎదురుమాట 'సీమ': సీమచింత, సీమపంది లాగా విలాయతీ మద్యాన్ని పెద్దలు సీమసారాయి అనేవారు. ఆ సీమసారాయి వారసత్వం ఇప్పటి 'భారత్‌లో తయారైన విదేశీ మద్యం'ది. అందులో విదేశీది ఎంత? మన దేశంలో అమ్ముడయ్యే విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో చాలావాటికి మూలం చక్కెర మిల్లులో మిగిలే మడ్డి, అంటే మొలాసిస్. దాన్ని పులియబెట్టి, కాచి, శుద్ధి చేసిన స్పిరిట్‌కు రంగూ రుచీ కలుపుతారు. గుడుంబాకు బెల్లం, బ్రాందీకి మడ్డి. రెండూ చెరుకు నుంచి వచ్చినవే. శుద్ధిలో, కొలతలో, తనిఖీలో ఉన్న తేడా పెద్దదే, దాన్ని కొట్టిపారేయలేం. కానీ 'నాటు', 'విదేశీ' అన్న పేర్లు ఆ తేడాను చెప్పడం లేదు. ఎవరి ఖజానాకు సొమ్ము చేరిందో చెబుతున్నాయి.

నల్లబెల్లం, పటిక

నల్లబెల్లం తినడానికి పనికిరాని నాసిరకం బెల్లం. పశువుల దాణాకూ వాడతారు. పటిక ఊళ్లో నీళ్లు తేర్చుకోవడానికి, మంగలి గాయానికి రాసేది. వీటితో పాటు నవసాగరం కూడా పట్టుబడుతుంది. ఈస్టుకు నత్రజని అందించే లవణం అది. ఏ ఒక్కటీ నిషిద్ధ వస్తువు కాదు, ఒక్కచోట కనిపిస్తే మాత్రం కేసు. నల్లబెల్లం అమ్మినంత మాత్రాన నేరమా అన్న ప్రశ్న హైకోర్టు దాకా వెళ్లింది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారన్న సామెత బెల్లం వ్యాపారికి బాగా తెలుసు.

ఈ బెల్లానికే రెండేళ్లకోసారి మరో పేరు వస్తుంది. మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరలో భక్తులు తమ బరువుకు తూగే బెల్లాన్ని అమ్మవార్లకు సమర్పిస్తారు. అక్కడ దాన్ని బెల్లం అనరు, 'బంగారం' అంటారు. ఇటీవలి జాతరల్లో ఆ బంగారం కొనడానికి ఆధార్ వివరాలు అడిగారు. భక్తుల పేరు చెప్పి సరుకు బట్టీలకు పోతుందని శాఖ అనుమానం. గద్దె మీద బంగారం, డ్రమ్ములో వాష్.

పాత నేరస్థులు, బైండోవర్

ఇకమీదట చేయనని పూచీకత్తు రాయించుకోవడమే బైండోవర్. మళ్లీ దొరికితే రాసిచ్చిన సొమ్ము కట్టాలి, లేదా జైలు. సంతకం పెట్టేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. కాచేది పేద ఇల్లు, ట్యూబుల్లో నింపి బండి మీద మోసేది కుర్రవాడు, బెల్లం లారీ పంపేవాడు వేరు. బైండోవర్ మొదటి ఇద్దరి దగ్గర ఆగిపోతుంటుంది. దాడులతో ఆగదని తెలిసే తెలంగాణ ప్రభుత్వం గుడుంబా మీద బతికే కుటుంబాలకు వేరే జీవనోపాధి కోసం 2 లక్షల రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. 'నేరస్థుడు' అన్న మాట పక్కన 'లబ్ధిదారు' అన్న మాట చేరింది.

వాక్యంలో లేని మాట: ఇప్పసారా

ఆదిలాబాద్, భద్రాద్రి అడవుల్లో వేసవి మొదట్లో ఇప్పపూలు రాలుతాయి. తెల్లవారుజామునే ఏరుకుని ఎండబెడతారు. ఆ పూలలో చక్కెర మెండు, కొంత తింటారు, కొంత కాస్తారు. గోండులు, కోయలు దేవుడికి ముందు ధార పోసి తర్వాత తాగుతారు. పుట్టుకకూ చావుకూ పెళ్లికీ అది ఉండాలి. మనుస్మృతి లెక్కలో దీన్ని మాధ్వికి దగ్గరగా చెప్పొచ్చు. బ్రిటిష్ బొంబాయి ప్రభుత్వం 1892లో ఇప్పపువ్వు మీదే చట్టం చేసింది. పువ్వు ఏరడాన్ని కట్టడి చేస్తే సర్కారు సారా అమ్ముడవుతుందని లెక్క.

ఇప్పుడు గాలి కొన్నిచోట్ల మారింది. గోవాలో జీడిమామిడి పండుతో కాచే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మధ్యప్రదేశ్ ఇప్పసారాను వారసత్వ మద్యంగా అమ్ముతామని 2021లో ప్రకటించింది. అదే పువ్వు, అదే కుండ. ఒక రాష్ట్రంలో వారసత్వం, మన దగ్గర ఐడీ. మారింది అనుమతి కాగితం ఒక్కటే.

వాక్యంలో ఉండాల్సిన మాట: కల్తీ

నాటుసారా, కల్తీసారా అన్న రెండు మాటలను పత్రికలు, నాయకులు, మనమూ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం. రెండూ ఒకటి కాదు. బెల్లం పులిసి కాచిన సారాలో మిథనాల్ చాలా కొద్దిగానే ఉంటుంది. అంతమాత్రాన అది మంచిదని కాదు. ఘాటు ఇంతని కొలత లేదు, తుప్పు డ్రమ్ములో కాచారు, యూరియా వేస్తారన్న ఫిర్యాదులూ ఉన్నాయి. ఏళ్ల తరబడి తాగితే కాలేయం పోతుంది. కానీ ఒక్క రాత్రిలో వీధి వీధంతా కూలిపోతే కారణం దాదాపు ఎప్పుడూ కలిపిన పారిశ్రామిక మిథనాల్. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా చనిపోయింది దానివల్లే.

మిథనాల్‌ను నాలుక పట్టలేదు. నిప్పు చూపిస్తే నీలిమంట వచ్చింది కాబట్టి మంచి సరుకేనన్న ఊరి పరీక్ష పనికిరాదు, మిథనాల్ కూడా అలాగే మండుతుంది. ఒంట్లోకి వెళ్లాక అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. లక్షణాలు వెంటనే కనబడవు, కొన్ని గంటలు, ఒక్కోసారి రోజు పట్టొచ్చు. నిషా దిగలేదనుకుని ఇంట్లో పడుకోబెట్టిన మనిషికి తెల్లారేసరికి చూపు మసకబారుతుంది. ఆ విషానికి విరుగుడు మందు ఉంది, డయాలసిస్ ఉంది. ఆసుపత్రికి ఎంత త్వరగా చేరారన్నదే అసలు సంగతి. కేసు భయంతో ఆగిన ప్రతి గంటకూ ఖరీదు ఉంటుంది.

2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లోని జంగారెడ్డిగూడెంలో వరుసగా మరణాలు జరిగినప్పుడు అవి నాటుసారా మరణాలని ప్రతిపక్షం, సహజ మరణాలని అప్పటి ప్రభుత్వం శాసనసభ దాకా వాదించుకున్నాయి. చనిపోయినవాళ్లు తాగిన దాంట్లో ఏముందన్న ప్రశ్న ఆ రెండు లేబుళ్ల మధ్య నలిగిపోయింది.

తాత్పర్యం

ఈ పదాలన్నిటినీ మూడు దొంతర్లుగా పేర్చవచ్చు. ఊట, బట్టీ, కాపు: ఇవి చేసే తీరును చెప్పేవి. నాటు, ఐడీ, దొంగ, వారసత్వ: ఇవి అనుమతిని చెప్పేవి. కల్తీ ఒక్కటే సరుకు సంగతి చెప్పేది. మొదటి రెండు దొంతర్లకు మన భాషలో లోటు లేదు. మూడోదాన్ని కూడా వాటిలో కలిపేసి వాడుకుంటున్నాం.

దానివల్ల జరిగే నష్టం మాటలకే పరిమితం కాదు. 'నాటుసారా తాగి మృతి' అని శీర్షిక పెడితే మర్నాడు దాడి వాగు ఒడ్డున ఉన్న కుండల మీద జరుగుతుంది. 'మిథనాల్ కలిసిన సారా తాగి మృతి' అని రాస్తే మొదటి ప్రశ్నే మారిపోతుంది. మిథనాల్ ఏ ఇంటి పొయ్యి మీదా పీపాలకొద్దీ దిగదు. ఫ్యాక్టరీ నుంచి వస్తుంది, గోదాము నుంచి వస్తుంది, ట్యాంకరు నుంచి వస్తుంది. ప్రతి చోటా దానికి బిల్లు, రిజిస్టరు, సంతకం ఉండి తీరాలి. ప్రయోగశాల నివేదిక వచ్చేదాకా విలేకరి 'అనుమానాస్పద మద్యం' అని రాసి, వచ్చాక అందులో ఏం తేలిందో రెండో వార్తగా రాయాలి. ఇప్పుడు అచ్చుకానిది ఆ రెండో వార్తే.